దమ్ము జబ్బు (సీఓపీడీ): ఆయాసం తగ్గిందని మందు ఆపకండి
రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం

బీడీ, చుట్ట, సిగరెట్ పొగ, కట్టెల పొయ్యి పొగ, పనిచేసే చోట దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు సన్నబడతాయి. దీన్నే సీఓపీడీ అంటారు. బీడీ ముట్టని ఆడవాళ్లకు కూడా పొయ్యి పొగ వల్ల రావచ్చు. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, కానీ డాక్టర్ చెప్పినట్టు మందు వాడితే అదుపులో ఉంటుంది.

ఏ పరీక్ష చేస్తారు?
మిషన్‌లోకి గట్టిగా గాలి ఊదించే స్పైరోమెట్రీ పరీక్షతో ఈ జబ్బు తేలుతుంది. ఎక్స్‌రే ఒక్కటే చాలదు. దగ్గు రెండు వారాలు దాటితే ముందు పీహెచ్‌సీలో టీబీ కోసం కళ్లె పరీక్ష చేయించుకోండి. ఇది ఉచితం.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందా?
కాదు. ఇది మత్తు మందు కాదు. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబట్టి కొంచెమే సరిపోతుంది. మీకు ఆయాసం తగ్గిందంటే అది మందు పనిచేయడం వల్లే. మీ అంతట మీరు ఆపేస్తే జబ్బు మళ్లీ ముదురుతుంది.

సరిగా పీలుస్తున్నారా?
• నొక్కే పంపు: బాగా ఊపండి. ఊపిరి వదిలి, నొక్కుతూ మెల్లగా లోపలికి పీల్చండి. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టండి. స్పేసర్ ఉంటే ఇంకా తేలిక.
• క్యాప్సూల్ వేసేది: వేగంగా, గట్టిగా పీల్చండి. క్యాప్సూల్ మింగొద్దు.
• స్టెరాయిడ్ మందు అయితే వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు
• ఇన్‌హేలర్, పాత చీటీలు తీసుకెళ్లండి. ఎలా పీలుస్తున్నారో డాక్టర్ ముందే చేసి చూపించండి.
• ఎంత దూరం నడిస్తే దమ్ము వస్తోంది, రాత్రి నిద్ర పడుతోందా, ఈ మధ్య ఎన్నిసార్లు ఎక్కువైంది, అన్నీ చెప్పండి. బీడీ ఇంకా తాగుతుంటే దాచకండి.
• "ఆయాసం పెరిగితే ఇంట్లో ఏం చేయాలి?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి.
• ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి అడగండి.

బీడీ, సిగరెట్ మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయండి. కాల్ ఉచితం.

ఆలస్యం చేయొద్దు
కళ్లె పచ్చగా మారినా, ఎక్కువైనా, కాళ్లు వాచినా వెంటనే దవాఖానాకు వెళ్లండి. మాట్లాడలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం, మగతగా పడి ఉండడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఇంట్లో ఆక్సిజన్ ఉంటే డాక్టర్ చెప్పినంతే పెట్టాలి. ఈ జబ్బులో ఎక్కువ పెట్టినా ప్రమాదమే.

పథకం ఎక్కడ ఉపయోగపడుతుంది?
ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు చికిత్స ఉంటుంది. 2023 డిసెంబర్‌లో ఈ పరిమితి 5 లక్షల నుంచి పెరిగింది. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే కార్డు, ఆధార్ తీసుకుని అక్కడి ఆరోగ్యమిత్రను కలవండి. మీ చికిత్స పథకంలో ఉందో లేదో చూసి చెబుతారు. అనుమానాలుంటే 104కు ఫోన్ చేయండి.

రోజూ వాడే ఇన్‌హేలర్ కోసం మాత్రం ఆసుపత్రిలో చేరేదాకా ఆగొద్దు. పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానాలో అడగండి. అక్కడ లేకపోతే జనఔషధి షాపులో తక్కువ ధరకు దొరుకుతుందేమో చూడండి. డబ్బు లేక మందు ఆగిపోయేలా ఉంటే ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి. తక్కువ ఖర్చులో దొరికే మందు రాయగలరేమో చూస్తారు.