దత్తమండల కళాశాల నుంచి సొంత ఊరి కాలేజీ దాకా

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో నేడు డిగ్రీ చదవదలచిన విద్యార్థి ఊరు దాటి పోవలసిన పని లేదు. మూడు చోట్లా డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. కాని నూరేళ్ళ క్రితం ఈ మూడు తాలూకాల వారికి కాలేజీ చదువు కలిగినవారికే దక్కేది. కొడుకును మద్రాసుకో, మైసూరు సంస్థానంలోని బెంగుళూరుకో పంపగల తండ్రులు ఏ ఊళ్ళోనైనా కొద్దిమందే. 1916లో అనంతపురంలో వెలసిన ప్రభుత్వ కళాశాల ఆ పరిస్థితిని మార్చింది. ఈ మూడు ఊళ్ళ ఉన్నత విద్య చరిత్ర ఆ కళాశాలతోనే మొదలయింది.

పేరు వెనుక కథ

ఆ కళాశాలకు తొలుత పెట్టిన పేరు దత్తమండల కళాశాల. 1800లో నిజాం నవాబు తుంగభద్రకు దక్షిణాన ఉన్న సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. నాటి నుంచి ఈ జిల్లాలకు దత్తమండలాలు అన్న పేరు వచ్చింది. 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేసినా, మూడు దశాబ్దాల వరకు కాలేజీ లేదు. 1916లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా కళాశాల ప్రారంభమయింది. పొరుగున మైసూరు విశ్వవిద్యాలయం స్థాపించిందీ ఆ ఏడాదే.

గుంతకల్లు, బెంగుళూరు మధ్య రైలు మార్గం అప్పటికే ఉండడం ఈ మూడు ఊళ్ళకు కలిసివచ్చింది. హిందూపురంలో బండి ఎక్కితే పెనుకొండ, ధర్మవరం మీదుగా అనంతపురం చేరవచ్చు. దూరం నూరు కిలోమీటర్లకు పైనే. రోజూ వచ్చిపోయే దూరం కాకపోయినా, సెలవులకు ఇంటికి వచ్చి పోవచ్చు. మద్రాసుతో పోలిస్తే అది ఇంటి పక్కనే అన్నట్లు లెక్క.

పెద్దలు నడిచిన ఆవరణ

కళాశాల తొలినాళ్ళలో సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం ఇక్కడ తత్త్వశాస్త్రం బోధించారు. ఆయన తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఇక్కడే చదివిన నీలం సంజీవరెడ్డి కూడా రాష్ట్రపతి అయ్యారు. 1931లో ఆయన చదువు మధ్యలోనే వదిలి స్వాతంత్ర్య పోరాటంలో దూకారు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1967లో హిందూపురం నియోజకవర్గం నుంచే లోక్‌సభకు ఎన్నికై స్పీకరు పదవి చేపట్టారు. 1977లో రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు.

ఈ కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావును సీమ ప్రజలు ప్రత్యేకంగా తలచుకోవాలి. ఖురానును తెలుగులోకి అనువదించిన పండితుడాయన. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో, దత్తమండలాలు అనే మాట మనకు గౌరవం కాదని, రాయలసీమ అని పిలుచుకుందామని ఆయన సూచించారు. సభ అంగీకరించింది. దత్తమండల కళాశాల అధ్యాపకుడే ఆ మాటను చెరిపి సీమకు కొత్త పేరు పెట్టడం విశేషం.

విశ్వవిద్యాలయం కోసం ఎదురుచూపు

కాలేజీ వచ్చినా విశ్వవిద్యాలయం మాత్రం చాలాకాలం అందలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినపుడు దాని కేంద్రం అనంతపురంలో ఉండాలని సీమ నాయకులు పట్టుపట్టారు. చివరకు అది వాల్తేరుకు పోయింది. ఈ అసంతృప్తి 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహం శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడికకు ఒక కారణమయింది. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని అందులో రాసుకున్నారు. సంతకాలు చేసినవారిలో హిందూపురం ప్రాంత నాయకుడు కల్లూరు సుబ్బారావు ఒకరు.

ఆ మాట నెరవేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1946లో మద్రాసు గిండీలో మొదలైన ఇంజనీరింగు కళాశాల 1948లో అనంతపురానికి తరలివచ్చింది. 2008లో అదే సాంకేతిక విశ్వవిద్యాలయంగా రూపొందింది. 1954లో సీమకు విశ్వవిద్యాలయం మంజూరయినా అది తిరుపతిలో నెలకొన్నది. 1968లో తిరుపతి విశ్వవిద్యాలయం అనంతపురంలో పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రాన్ని తెరిచింది. 1981లో ఆ కేంద్రమే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా మారింది. శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి లెక్క వేస్తే 44 ఏళ్ళు. విజయనగర రాజులకు రెండవ రాజధానిగా ఉండి, 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత ముఖ్య రాజధాని అయిన పెనుకొండ వాసులకు ఆ పేరు సొంతింటి పేరే.

ఆడపిల్లల చదువు

మగపిల్లలను రైలెక్కించి పంపిన తల్లిదండ్రులు ఆడపిల్లల విషయంలో వెనకాడారు. 1968లో అనంతపురంలో సత్యసాయి మహిళా కళాశాల ప్రారంభం కావడం ఇందులో ఒక మలుపు. హిందూపురంలోనే ఎన్.ఎస్.పి.ఆర్. ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల రావడంతో చుట్టుపక్కల పల్లెల బాలికలకు పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే వీలు కలిగింది. కూతురిని హాస్టలులో పెట్టలేని, పెట్టడానికి ఇష్టపడని ఇళ్ళలో చదువు ఆగేదీ సాగేదీ ఈ దూరం మీదనే ఆధారపడుతుంది. హిందూపురం ఎస్.డి.జి.ఎస్. కళాశాల, ధర్మవరం, పెనుకొండ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కూడా పేద కుటుంబాలకు ఈ విధంగానే అండగా నిలిచాయి.

ఇక జరగవలసింది

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. మూడు ఊళ్ళూ కొత్త జిల్లాలో చేరాయి. నూరేళ్ళు దాటిన తొలి కళాశాల ఇప్పుడు పక్క జిల్లాలో ఉంది. కనుక సొంత ఊళ్ళలోని కళాశాలల బాధ్యత మరింత పెరిగింది.

స్థానిక అవసరాలకు తగిన వృత్తి చదువు చెప్పే కమ్యూనిటీ కాలేజీల పద్ధతి దేశంలో 1995లో పాండిచ్చేరిలో మొదలయింది. 2013లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దీనికి ఒక పథకం కూడా రూపొందించింది. ఉన్న కళాశాల గదుల్లోనే, స్థానిక పరిశ్రమల సాయంతో పని నేర్పించడం ఇందులో ముఖ్యాంశం. ఈ మూడు ఊళ్ళకు ఇది అతికినట్లు సరిపోతుంది. ధర్మవరంలో పట్టు మగ్గాలున్నాయి. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. హిందూపురం పక్కనే తూముకుంట పారిశ్రామికవాడ ఉంది.

మగ్గం ఇంటి పిల్లవాడు డిజైన్లు గీయడం, లెక్కలు, అమ్మకం మెళకువలు ధర్మవరం కాలేజీలోనే నేర్చుకోగలిగితే ఆ కుటుంబం దళారి మీద ఆధారపడే అవసరం కొంతైనా తగ్గుతుంది. యంత్రాల మరమ్మతు పెనుకొండలోనే నేర్పితే, ఫ్యాక్టరీ ఉద్యోగాలకు స్థానిక యువకులు ధైర్యంగా దరఖాస్తు పెట్టుకోగలరు. 1916లో కాలేజీ రైలు దూరంలోకి వచ్చింది, తర్వాత ఊళ్ళోకి వచ్చింది. ఆ కాలేజీలో చదివినవారికి ఆ ఊళ్ళోనే పని దొరికేట్లు కోర్సులు పెట్టడం ఇక అధికారులు, ప్రజాప్రతినిధులు, కళాశాలల యాజమాన్యాలు కలిసి చేయవలసిన పని.