రోమాలు రాలితే నేరం నల్లిదేనా?

తూర్పు కనుమల అంచున ఉన్న అనకాపల్లి జిల్లా నర్సీపట్నం, చింతపల్లి మన్యానికి వాకిలి వంటిది. మేకలూ పశువులూ ఇక్కడి చిన్న రైతులకు ముఖ్యమైన ఆదాయ వనరు. పశువు ఒంటిపై వెంట్రుకలు రాలి బోడి మచ్చలు కనిపించగానే 'గజ్జి' అని నిర్ధారించి, ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్ వేయించడం సులభం. కాని ఆ నిర్ధారణ అన్నివేళలా సరైనది కాదు.

చర్మపు నల్లులలో ముఖ్యమైన రెండు రకాలను చూద్దాం. సార్కోప్టిస్ నల్లి చర్మంలో సొరంగాలు చేసి గుడ్లు పెడుతుంది. తీవ్రమైన దురద, చర్మం మందమై పొరలు కట్టడం దీని లక్షణాలు. ఇది మందలో వేగంగా వ్యాపిస్తుంది. పశువును సాకే మనుషులకూ తాత్కాలికంగా దురద కలిగిస్తుంది. డెమోడెక్స్ నల్లి రోమకూపాలలో నివసిస్తుంది. తల్లి నుండి పిల్లకు తొలి రోజులలోనే సంక్రమించే ఈ నల్లి, ఆరోగ్యవంతమైన పశువులోనూ హాని చేయక ఉండవచ్చు. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు విపరీతంగా పెరిగి కుక్కలలో రోమాలను రాల్చుతుంది. మేకలలో చర్మంపై బొడిపెలు కలిగించి తోలు విలువను తగ్గిస్తుంది.

మనిషి విషయంలోనూ ఇదే వివేచన అవసరం. 1842లో గుస్తావ్ సైమన్ వర్ణించిన డెమోడెక్స్ ఫాలిక్యులోరమ్ వయోజనులలో అత్యధికుల ముఖచర్మంపై ఉంటుంది. బట్టతలకు అదే కారణమని రుజువు కాలేదు. పురుషులలో సాధారణంగా వచ్చే బట్టతలకు వంశపారంపర్యం, హార్మోన్లు ముఖ్య కారణాలు. నల్లి ఉనికి వేరు, నల్లి వల్ల కలిగే వ్యాధి వేరు.

పశువులలో వెంట్రుకలు రాలడానికి తామర, జింకు లోపం కూడా కారణం కావచ్చు. సుబాబుల్ ఆకులోని మైమోసిన్ మరొక కారణం. అందువల్ల సుబాబుల్‌ను మేతలో మూడో వంతు మించనీయరాదు. మేత వల్ల రాలిన రోమాలకు ఇంజక్షన్ వేస్తే ఖర్చు మిగులుతుంది గాని ఫలితం ఉండదు. పైగా ఐవర్‌మెక్టిన్ పాలలోకి చేరుతుంది. కనుక పాడి పశువులకు పశువైద్యుని సలహా లేకుండా వాడరాదు.

కాబట్టి మందుకు ముందు పరీక్ష జరగాలి. మచ్చ అంచున చర్మాన్ని గీకి, ఆ పొట్టును 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి సూక్ష్మదర్శినితో పరిశీలించాలి. డెమోడెక్స్ కోసం చర్మాన్ని నొక్కి, రక్తం చెమర్చే వరకు గీకాలి. సార్కోప్టిస్ ఒక్కసారికి కనిపించకపోయినా లేదని తేల్చరాదు; దురద, మందలో వ్యాప్తిని కూడా గమనించాలి. మిరప ఆకు ముడుచుకుంటే అది నల్లి పనో, తామర పురుగు పనో చూసి గాని మందు చెప్పని విస్తరణ శాస్త్రవేత్త, పశువు చర్మం విషయంలోనూ అదే క్రమాన్ని పాటించాలి.