గిడ్డంగి ఎక్కడ తెరవాలి?

విద్యార్థులారా, ఖరగ్‌పూర్ జంక్షన్ నుంచి ఒక లైను హౌరాకు, ఒకటి బాలాసోర్ మీదుగా విశాఖపట్నం వైపు, ఒకటి టాటానగర్ వైపు, మరొకటి ఆద్రా వైపు పోతాయి. రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉంటున్నాయి. ఇన్ని దారులు కలిసే చోట గిడ్డంగి పెడితే లాభమేనని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం.

ఒక బియ్యం వ్యాపారి నెలకు బాలాసోర్‌కు 100 టన్నులు, కోల్‌కతాకు 100 టన్నులు పంపాలనుకోండి. విశాఖ గిడ్డంగి నుంచి టన్నుకు రవాణా ఖర్చు బాలాసోర్‌కు రూ. 900, కోల్‌కతాకు రూ. 1,300. ఖరగ్‌పూర్ నుంచి బాలాసోర్‌కు రూ. 300, కోల్‌కతాకు రూ. 350. (ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలు.) అంతా విశాఖ నుంచే పంపితే ఖర్చు రూ. 2,20,000. ఖరగ్‌పూర్‌లో 100 టన్నులు పట్టే గిడ్డంగి తెరిస్తే అద్దె, జీతాలు కలిపి నెలకు రూ. 80,000. బియ్యం ధర రెండు చోట్లా ఒకటే. తెరవాలా, వద్దా?

చాలామంది అన్నిటికన్నా చౌక దారిని ముందు నింపుతారు. ఖరగ్‌పూర్ సరుకు బాలాసోర్‌కు, విశాఖ సరుకు కోల్‌కతాకు. రవాణా రూ. 1,60,000, గిడ్డంగి ఖర్చుతో రూ. 2,40,000. నష్టం కాబట్టి వద్దంటారు. ఇప్పుడు దారులు మార్చండి. ఖరగ్‌పూర్ సరుకు కోల్‌కతాకు, విశాఖ సరుకు బాలాసోర్‌కు. రవాణా రూ. 1,25,000, మొత్తం రూ. 2,05,000. నెలకు రూ. 15,000 మిగులు! టన్నుకు 50 రూపాయలు ఆదా చేయబోయి మరోచోట 400 పోగొట్టుకుంటున్నాం. సరుకు పంపే లెక్క తప్పితే, గిడ్డంగి తెరిచే నిర్ణయమే తప్పుతుంది.

ఈ రవాణా సమస్య రైళ్ల దగ్గరే పుట్టిందనవచ్చు. 1930లో సోవియట్ శాస్త్రవేత్త ఎ. ఎన్. టోల్‌స్టోయ్ (నవలాకారుడు కాదు) రైళ్లలో ఉప్పు, సిమెంటు వంటి సరుకుల తరలింపుపై దీన్ని పరిశీలించాడు. 1941లో హిచ్‌కాక్ దానికి గణిత రూపమిచ్చాడు. 1947లో డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాక ఇలాంటి లెక్కలు పెద్ద ఎత్తున సాధ్యమయ్యాయి.

కానీ గిడ్డంగిని సగం తెరవలేం. తెరిస్తే 1, లేకుంటే 0. ఇరవై ఊళ్లు పరిశీలనలో ఉంటే 10,48,576 ఎంపికలు! అన్నీ లెక్కించనక్కరలేదు. 1960లో ఐల్సా లాండ్, ఆలిసన్ డోయిగ్ ప్రచురించిన పద్ధతి ఇదీ: 0, 1 అనే నిబంధనను సడలించి ఒక శాఖలో ఎంత తక్కువ ఖర్చు సాధ్యమో చూస్తారు. అదే ఇప్పటికే చేతిలో ఉన్న జవాబుకన్నా ఎక్కువైతే ఆ శాఖను మొత్తంగా వదిలేస్తారు.

ఇంకొక సంగతి. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహనగా బజార్‌లో జరిగిన ఘోర ప్రమాదంతో ఆ లైను రెండు రోజులకు పైగా మూతపడింది. మన ‘చౌక’ పథకంలో బాలాసోర్‌కు బియ్యం రావలసింది ఆ దారినే. ప్రతి ఊరికీ రెండు వైపుల నుంచి సరఫరా ఉండాలని నిబంధన చేరిస్తే ఖర్చు పెరుగుతుంది. ఖరగ్‌పూర్ నుంచి బాలాసోర్‌కు 20 టన్నులు తప్పనిసరి చేస్తే ఎంత పెరుగుతుందో మీరే కట్టి చూడండి. జవాబు రూ. 7,000 రావాలి.