మైకు మాదే

2016లో అమెరికాలోని ఎపిటాఫ్ రికార్డ్స్ కంపెనీ ఒక చిన్న బ్యాండుకు 50,000 డాలర్లు ఇస్తామంది. అప్పటి రేటులో 33 లక్షల రూపాయల పైమాటే. బిగ్గరగా, కోపంగా అరిచే పంక్ సంగీతంలో ఎపిటాఫ్‌ది పెద్ద పేరు. ఆ బ్యాండు అప్పటికి విడుదల చేసిన పాటలన్నీ వరసగా పెట్టుకుని వింటే పావుగంటలో అయిపోతాయి. అయినా అయిదుగురూ వద్దన్నారు. ఎపిటాఫ్ రికార్డులను బజారుకు చేర్చేది వార్నర్ వాళ్ల సంస్థ. తమ పాట అంత పెద్ద వ్యాపారం చేతిలో పడటం వాళ్లకు ఇష్టం లేదు.

ఆ బ్యాండు పేరు జి.ఎల్.ఓ.ఎస్.ఎస్., పలికేటప్పుడు ‘గ్లాస్’. వాషింగ్టన్ రాష్ట్రం ఒలింపియాలో 2014లో మొదలైంది. పాడేది ట్రాన్స్ మహిళ. మన దర్శిలోనో పొదిలిలోనో కొడుకునో కూతురినో సియాటెల్ పంపిన ఇళ్లవాళ్లకు ఊరి ఆచూకీ చెప్పాలంటే, సియాటెల్ నుంచి దక్షిణంగా నూరు కిలోమీటర్లు. రాష్ట్ర రాజధానే, కానీ జనాభా యాభై వేల చిల్లర. ఇంత చిన్న ఊళ్లో ఇంత కోపం ఎక్కడిదని అడగొచ్చు. చిన్న ఊళ్లోనే ఉంటుంది మరి, అందరికీ అందరూ తెలుసు కదా.

2016 జూన్ 12న ఓర్లాండోలోని పల్స్ అనే గే నైట్‌క్లబ్బులో ఒక సాయుధుడు 49 మందిని చంపాడు. మర్నాడే గ్లాస్ రెండో రికార్డు వచ్చింది. అయిదు పాటలు, ఏడు నిమిషాలు. పేరు ‘ట్రాన్స్ డే ఆఫ్ రివెంజ్’. హత్యకు గురైన ట్రాన్స్ వ్యక్తుల కోసం ఏటా నవంబరు 20న సంస్మరణ దినం జరుపుతారు. వీళ్లు సంస్మరణ తీసేసి ప్రతీకారం పెట్టారు. ఆ మాట నాకు పూర్తిగా మింగుడుపడదు. కానీ ఏటా కొవ్వొత్తులు వెలిగించి పేర్లు చదవడమే పనైపోయినవాళ్లకు శాంతంగా ఉండమని చెప్పే అర్హత నాకు లేదు.

ఇలాంటి బ్యాండు ఉన్నట్టుండి ఊడిపడదు. దాని వెనక ఒక అందమైన అబద్ధం ఉంది. 1985లో కెనడాలోని టొరంటోలో జి.బి. జోన్స్, బ్రూస్ లాబ్రూస్ ‘జె.డి.స్’ అనే పత్రిక మొదలుపెట్టారు. గే బార్లలో పంక్ పిల్లలను చూసి ముఖం చిట్లించేవాళ్లు, పంక్ కచేరీల్లో గే అని తెలిస్తే కొట్టేవాళ్లు. రెండు చోట్లా చోటు లేని వీళ్లిద్దరూ తమ ఊళ్లో క్వీర్ పంకుల, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ పంకుల, మహా ఉద్యమం నడుస్తున్నట్టు రాసిపారేశారు. నిజానికి ఉన్నది గుప్పెడు మంది స్నేహితులు. చదివిన దూరపు ఊళ్లవాళ్లు ‘మనమే వెనకబడ్డాం’ అనుకుని మొదలుపెట్టారు. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘హోమోకోర్’ పత్రిక వచ్చింది, 1991లో అక్కడే ‘పాన్సీ డివిజన్’ బ్యాండు పుట్టింది. ఎనిమిది సంచికలతో 1991లో జె.డి.స్ ఆగేనాటికి ఆ అబద్ధం కాస్తా నిజమైంది. దానికి క్వీర్‌కోర్ అని పేరు కూడా వచ్చింది.

పత్రిక అంటే ప్రెస్సు, పెట్టుబడి అనుకోకండి. తహసీల్దారు ఆఫీసు ముందు ఆధార్ కాపీలు తీసే జిరాక్సు మిషను చాలు. నాలుగు ఎ4 కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడిస్తే పదహారు పేజీలు. ఒకటో పేజీ పక్కన పదహారోది, రెండో దాని పక్కన పదిహేనోది వచ్చేలా అతికించుకోవాలి. మొదటిసారి అందరికీ తలకిందులవుతుంది. బొమ్మలు కత్తిరించి జిగురుతో అంటించి, రెండు వైపులా కాపీ తీసి, మడత మీద రెండు పిన్నులు కొడితే సంచిక తయారు. సంపాదకుడు, పంపిణీదారు, బాకీ పడినవాడు, ముగ్గురూ ఒకరే.

కచేరీలూ అంతే. హాలు ఇచ్చేవాళ్లు లేకపోతే ఎవరింటి సెల్లారులోనో పెట్టుకుంటారు. గుమ్మం దగ్గర వసూలైన డబ్బు పైఊరి బ్యాండుకు పెట్రోలు ఖర్చవుతుంది, పడక ఆ ఇంటి నేల మీదే. ఇవాళ పాడినవాళ్లు రేపు గుమ్మం దగ్గర టికెట్లు చింపుతారు. 1990ల్లో లెస్బియన్ అమ్మాయిల బ్యాండు ‘టీమ్ డ్రెష్’ కచేరీలో పాటలతోపాటు ఆత్మరక్షణ పాఠాలు చెప్పించేది. ఎవరైనా పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో స్టేజీ మీదే చూపించేవాళ్లు. ఇంటికి ఒంటరిగా నడిచి వెళ్లాల్సిన శ్రోతకు చివరి పాటకన్నా అదే ఎక్కువ పనికొచ్చి ఉంటుంది.

తెలుగులో దీనికి దగ్గరి చుట్టం సంగీతంలో కాదు, కవిత్వంలో ఉంది. 1965లో ఆరుగురు దిగంబర కవులు సొంత పేర్లు వదిలేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అయ్యారు. హైదరాబాదులో అర్ధరాత్రి పూట, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత మొదటి సంపుటి ఆవిష్కరింపజేశారు. కొత్త పేరు, సొంత ఖర్చు, పెద్దమనుషులు లేని సభ, అన్నీ పంక్ లక్షణాలే. బ్రిటన్‌లో పంక్ కేక వినపడటానికి పదేళ్ల ముందు మాట ఇది. కాకపోతే ఆ ఆరుగురిలో ఒక్క స్త్రీ లేదు. తిరుగుబాటు స్టేజీ మీద కూడా చోటు దొరకనివాళ్లు ఎప్పుడూ మిగులుతారు. జె.డి.స్ పుట్టింది సరిగ్గా అలాంటి మిగిలినవాళ్ల నుంచే.

మన వైపు తిరునాళ్లకు చెక్కభజన ఉంటుంది, డప్పులుంటాయి, మైకుసెట్టు చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. పంక్‌కు కావలసిన మోత మనకేం తక్కువ కాదు. హిజ్రాలు మాత్రం మనకు రైల్లో చప్పట్లుగా తెలుసు, కొత్త షాపు ముందు దీవెనగా తెలుసు. పది రూపాయలిచ్చి చూపు తిప్పుకుంటాం. వాళ్లు సొంతంగా ఒక పాట కడితే అందులో ఏముంటుందో మనం అడగలేదు. హైదరాబాదులో 2013 నుంచి క్వీర్ స్వాభిమాన యాత్ర నడుస్తోంది, డప్పుల మోత మధ్య వందల మంది రోడ్డెక్కుతున్నారు. దర్శి నుంచి ఆ రోడ్డు ఒక రాత్రి బస్సు దూరం.

అదే హైదరాబాదులో నిజాం కాలపు చట్టం ఒకటి ఉండేది, 1329 ఫసలీ, అంటే 1919 నాటిది. ఆ చట్టం ‘నపుంసకులు’ అని పేరుపెట్టి రిజిస్టరు రాయించిన మనిషి ఆడవేషంలో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా, వాద్యం వాయించినా వారెంటు లేకుండా అరెస్టు చేసే వీలుండేది. రెండేళ్ల దాకా జైలు. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకెక్కితే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఒక చట్టం పాటకు అంత భయపడిందంటే పాట బలం ఎంతో సర్కారుకు మనకన్నా ముందే తెలుసన్నమాట.

గ్లాస్ మాటకొస్తే, 50 వేల డాలర్లు కాదన్న సంగతి బయటపడిన నెలలోనే బ్యాండు ఆపేశారు. ఓడిపోయి కాదు. ఊరూరా తిరగడం, అందరి కళ్లూ తమ మీదే ఉండటం ఒంటికీ మనసుకూ భారమైందని చెప్పారు, ఇంటిపట్టున ఉండాలన్నారు. రికార్డులు మాత్రం అమ్మకంలోనే ఉంచి, లాభం ఒలింపియాలో ఇల్లు లేనివాళ్లు రాత్రి తలదాచుకునే బసకు రాసిచ్చారు.

నిజాం చట్టం దర్శికి ఎప్పుడూ వర్తించలేదు. ఇక్కడ ఒక హిజ్రా బృందం వీధిలో పాడాలంటే కావలసింది తిరునాళ్ల కమిటీకి కావలసిందే: పోలీసు స్టేషన్లో మైకు పర్మిషన్, రాత్రి పదికల్లా ఆపేయడం.