బొమ్మకు ముఖకళ

పాఠ్యభాగ ఉద్దేశం: సేకరణ బొమ్మల ముఖాలకు రంగులు దిద్దే కళను పరిచయం చేయడం, ఒక పనిని స్వయంగా చేసుకోవడానికీ, నిపుణునికి అప్పగించడానికీ గల తారతమ్యాన్ని విచక్షణతో పరిశీలించే దృష్టిని విద్యార్థులలో కలిగించడం.

బొమ్మకు కాలుచేతులు ఎంత పొందికగా అమరినా, కట్టిన వస్త్రం ఎంత విలువైనదైనా, చూసేవారి దృష్టి మొదట నిలిచేది ముఖం మీదనే. కనుబొమ వెంట్రుకవాసి పైకి లేస్తే ఆశ్చర్యం. దాని లోపలి కొన కిందికి దిగితే కోపం. పెదవి చివర కాస్త పైకి తిరిగితే చిరునవ్వు. ఇంత స్వల్పమైన గీతలో ఇంతటి భావం ఇమిడి ఉన్నందువల్లనే విగ్రహ ప్రతిష్ఠాక్రమంలో నేత్రోన్మీలనానికి మన పెద్దలు ప్రత్యేక స్థానం కల్పించారు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడితో చేసిన మక్కుతో అవయవాలను అతికి, రంగులు వేసి, సన్నని కుంచెతో కనుముక్కు తీరు దిద్దుతారు. ఆ దిద్దుబాటు పూర్తయ్యేదాకా అది కర్ర. పూర్తయిన తరువాతనే అది బొమ్మ.

ఈ సూక్ష్మాన్ని గ్రహించి ముఖచిత్రణాన్ని ప్రత్యేక వృత్తిగా తీర్చిదిద్దిన దేశాలలో జపాను ఒకటి. అక్కడ మార్చి 3వ తేదీన బాలికల క్షేమం కోరుతూ హినా బొమ్మల పండుగ జరుపుకుంటారు. మెట్లమెట్లుగా బొమ్మలను అమర్చే ఆ ముచ్చట మన సంక్రాంతి బొమ్మల కొలువును జ్ఞప్తికి తెస్తుంది. ఆ బొమ్మలలో తల చేసేవారు వేరు, కాలుచేతులు చేసేవారు వేరు, వస్త్రాలు తొడిగి బొమ్మను కూర్చేవారు వేరు. ఆలుచిప్పల పొడిని జిగురుతో కలిపిన తెల్లని పూతను పలుమార్లు పూసి, నునుపు చేసి, ఆపైన కళ్లనూ కనుబొమలనూ దిద్దుతారు. అందుకు వాడే సన్నని కుంచెకు అక్కడి భాషలో ముఖం పేరే పెట్టుకున్నారంటే, ఆ పనికి వారిచ్చిన గౌరవం మనకు అర్థమవుతుంది.

అదే దేశంలో 1999లో క్యోటో నగరానికి చెందిన వోక్స్ సంస్థ ‘సూపర్ డాల్ఫీ’ అనే పేరుతో కొత్త తరహా బొమ్మలను విడుదల చేసింది. ఇవి పిల్లల ఆటవస్తువులు కావు. పెద్దలు ఎంచి, కొని, పదిలపరచుకొనే సేకరణ బొమ్మలు. రెజిన్ అనే గట్టి పదార్థంతో పోతపోసిన అవయవాలను లోపల సాగే తాడుతో బిగిస్తారు. కళ్లనూ జుట్టునూ మార్చుకోవచ్చు. అన్నిటికన్నా విశేషం, రంగు లేని ఖాళీ ముఖంతోనే బొమ్మను కొనే వీలు ఉండడం. క్రమంగా ఈ తరహా బొమ్మలు దేశదేశాలకూ వ్యాపించాయి. ఆ ఖాళీ ముఖానికి రంగులు దిద్దడాన్ని సేకర్తలు ‘ఫేస్ అప్’ అంటారు. ఆ కుంచెను తామే పట్టాలా, చిత్రకారుని చేతికి అప్పగించాలా అన్నది వారిని నిత్యం వేధించే ప్రశ్న.

ఈ ప్రశ్న కొత్తదే కాని, దాని వెనుక ఉన్న ఆలోచన ప్రాచీనమైనది. అభిజ్ఞాన శాకుంతలం ఆరవ అంకంలో దుష్యంతుడు శకుంతల చిత్రాన్ని స్వయంగా గీస్తాడు. అయినా అతనికి తృప్తి కలగదు. మాలినీ నది, హంసల జంట, చెవిన శిరీష పుష్పం అంటూ ఇంకా గీయవలసినవి ఏకరువు పెడతాడు. చివరకు చిత్రంలోని తుమ్మెదను నిజమైనదనుకొని అదలిస్తాడు. భాగవతంలోని ఉషా పరిణయ కథలో ఇందుకు భిన్నమైన మార్గం కనిపిస్తుంది. కలలో కన్న రూపాన్ని ఉష తాను గీయదు. చెలికత్తె చిత్రలేఖ ఒక్కొక్కరి రూపమే గీసి చూపగా, అనిరుద్ధుని చిత్రం దగ్గర సిగ్గుతో తల వంచుతుంది. చిత్రలేఖ చేతిలో నేర్పు ఉన్నది. ఉష మనసులో గుర్తు ఉన్నది. ఆ రెండూ కలిసినప్పుడే పని నెరవేరింది.

ఇక స్వయంగా చేసుకొనే విధానాన్ని చూద్దాం. మొదట తలను శుభ్రంగా కడిగి ఆరబెట్టి, కాంతి చిమ్మని సీలెంట్ స్ప్రేను పలుచగా చల్లుతారు. ఇది రంగు పట్టుకోవడానికి గరుకుదనాన్ని ఇస్తుంది. రంగు రెజిన్ లోపలికి ఇంకకుండా అడ్డుపడుతుంది. తరువాత పాస్టెల్ సుద్దలను పొడిగా గీరి, మెత్తని కుంచెతో చెక్కిళ్లకూ కనురెప్పలకూ ఛాయ అద్దుతారు. మళ్లీ ఒక పూత సీలెంట్. ఆపైన వాటర్‌కలర్ పెన్సిళ్లతో గాని, పలుచన చేసిన యాక్రిలిక్ రంగుతో గాని కనుబొమల వెంట్రుకలను ఒక్కొక్కటిగా గీస్తారు. ప్రతి దశకూ నడుమ సీలెంట్ పూత ఉండడంలోనే కిటుకు ఉంది. పై పొరలో గీత వంకరపోయినా కింది పొర చెడదు. చివరగా పెదవులకు మెరుగు వార్నిష్ అద్ది, రెప్పవెంట్రుకలు అతికిస్తారు.

ఈ మార్గంలో మొదటి లాభం, ఆ ముఖం పూర్తిగా మనదే కావడం. మనసులోని రూపాన్ని మాటలలో పెట్టి మరొకరికి వివరించే శ్రమ ఉండదు. రెండవది, చూపుకు కలిగే శిక్షణ. రెండు కనుబొమలను సమానంగా గీయడానికి కూర్చున్నవారికి, మనుషుల ముఖాలలో కుడిఎడమలు నూటికి నూరుపాళ్లు సమానం కావన్న సత్యం తెలిసివస్తుంది. మూడవది, రెజిన్ ముఖంపై వేసిన రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. పలకమీద రాసి చెరిపినట్లే ఇక్కడా తప్పుకు దిద్దుబాటు ఉంది.

అయితే ఈ మార్గం పూలబాట కాదు. సీలెంట్ స్ప్రేలోని ద్రావకాల ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం. ముక్కుకు కట్టుకొనే గుడ్డ దానిని ఆపలేదు. ఆవిరిని పీల్చుకొనే ఫిల్టర్లు గల రెస్పిరేటర్ ధరించి, గాలి ధారాళంగా ఆడేచోట, నిప్పుకు దూరంగా పని చేయాలి. రెజిన్‌ను గీకినప్పుడు రేగే దుమ్ము కూడా ప్రమాదకరమే కనుక తడిపి రుద్దాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున చల్లిన సీలెంట్ తెల్లగా మసకబారుతుంది. వానకాలంలోనూ, సముద్రతీర ప్రాంతాలలోనూ ఈ జాగ్రత్త మరింత అవసరం. అసిటోన్ వంటి ద్రావకం కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్కును కరిగించివేస్తుంది. పదార్థం ఏదో తెలియకుండా ద్రావకం తాకించడం మొదటికే మోసం. వీటన్నిటికీ తోడు సామగ్రి ఖర్చు ఉంది. ఒక్క ముఖం కోసమే స్ప్రే, కుంచెలు, రంగులు, రెస్పిరేటర్ అన్నీ కొంటే, చిత్రకారునికి ఇచ్చే రుసుముకన్నా అధికమైనా ఆశ్చర్యం లేదు.

చిత్రకారునికి అప్పగించేవారు సాధారణంగా బొమ్మ నుండి తలను విడదీసి, భద్రంగా చుట్టి పంపుతారు. పేరున్న కళాకారుల దగ్గర వరుస కోసం వేచి ఉండక తప్పదు. దారిలో దెబ్బ తగిలే భయం, రానుపోను రవాణా ఖర్చు, విదేశమైతే సుంకం అదనం. అన్నిటికన్నా చిక్కైనది భావాన్ని తెలియజెప్పడం. ‘అందంగా ఉండాలి’ అన్న కోరిక చిత్రకారునికి ఏ దారీ చూపదు. తా వలచినది రంభ కదా! ‘ఏడుపు ఆపుకొంటున్న పదేళ్ల పిల్ల’ అంటే దారి దొరుకుతుంది. ఒకటి రెండు ఛాయాచిత్రాలు జత చేస్తే మరింత స్పష్టమవుతుంది. మార్పులు ఎన్నిసార్లు చేస్తారు, రవాణాలో చెడితే బాధ్యత ఎవరిది, వాడే సీలెంట్ ఏది అన్న విషయాలు ముందే రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. ఆ చిత్రకారుడు లోగడ దిద్దిన ముఖాలను పరిశీలించి, నచ్చితేనే పని అప్పగించాలి. నచ్చని శైలివాణ్ణి ఎన్నుకొని, మన శైలికి మారమనడం ఇద్దరికీ క్లేశమే.

రెండు గంటల పనికి ఇంత రుసుమా అని విస్తుపోయేవారు ఒక విషయం మరచిపోతారు. మనం వెల కట్టేది ఆ గంటలకు కాదు. ఆ గంటలలో చేయి వణకకుండా ఉండడానికి అంతకుముందు చెడగొట్టి, తుడిచి, మళ్లీ దిద్దిన ముఖాలకు. కనుక డబ్బు ఇచ్చి చేయించుకున్న ముఖాన్ని నలుగురికీ చూపినప్పుడు దిద్దినవారి పేరు చెప్పడం సేకర్త ధర్మం. బొమ్మ మనది, గీత వారిది.

ఈ రెండు మార్గాలకన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: అసలు ఈ ముఖాన్ని తాకవచ్చునా? 19వ శతాబ్దంలో ఫ్రాన్స్, జర్మనీ దేశాలలో చేసిన పింగాణీ బొమ్మల ముఖాలకు రంగులు వేసి బట్టీలో కాల్చేవారు. ఆ రంగు చరిత్రలో భాగం. అమెరికాలో కెన్నర్ సంస్థ 1972లో విడుదల చేసిన బ్లైథ్ బొమ్మలు ఒక్క ఏడాదే అమ్ముడై నిలిచిపోయాయి. అటువంటి బొమ్మ తొలినాటి రంగుతో దొరికినప్పుడు, దానిని చెరిపి కొత్త రంగు వేస్తే, ఎంతటి నేర్పరి వేసినా, తిరిగి రానిది ఒకటి పోయినట్లే. 2001 నుండి జపానులో కొత్తగా విడుదలైన బ్లైథ్ బొమ్మల విషయంలో ఈ సంకోచం అంతగా అక్కరలేదు. వాటిని నచ్చినట్లు దిద్దుకొనేవారు అనేకులు.

దీనిని బట్టి ఒక నిర్ణయానికి రావచ్చు. పోయినా మళ్లీ దొరికే తల, తుడిస్తే పోయే రంగు, నేర్చుకోవాలనే తపన ఉన్నచోట కుంచె మనమే పట్టాలి. తల అరుదైనదై, మన చేయి ఇంకా కుదురుకోనిదైతే నిపుణుని ఆశ్రయించాలి. తొలినాటి రంగుకు చారిత్రకమైన విలువ ఉంటే ఇద్దరూ కుంచె దించాలి. చవకైన తల ఒకటి కొని దానిపై చేయి తిప్పుకొని, ఆ తరువాత విలువైన దానిని చిత్రకారునికి పంపే మధ్యేమార్గమూ ఉంది. ఒక్కసారి స్వయంగా కనుబొమ గీసి చూసినవానికి తాను కోరేదేమిటో స్పష్టంగా చెప్పడం తెలుస్తుంది; ఎదుటివాని శ్రమకు న్యాయమైన విలువ కట్టడమూ తెలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

తారతమ్యం = హెచ్చుతగ్గుల భేదం
నేత్రోన్మీలనం = విగ్రహానికి కన్నులు తెరిపించడం
జ్ఞప్తి = గుర్తు
ఏకరువు పెట్టు = వరుసగా చెప్పు
ద్రావకం = ఇతర పదార్థాలను కరిగించుకొనే ద్రవం
క్లేశం = బాధ

ప్రశ్నలు

1. దుష్యంతుని చిత్రరచనకూ, ఉష కోసం చిత్రలేఖ గీసిన చిత్రాలకూ గల భేదాన్ని రచయిత ఎందుకు ప్రస్తావించారు?
2. ముఖచిత్రణంలో సీలెంట్ పూత ప్రయోజనాన్నీ, దానిని వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలనూ వివరించండి.
3. ‘బొమ్మ మనది, గీత వారిది’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీరు స్వయంగా చేసుకోదలచిన పని ఒకటి, నిపుణునికి అప్పగించదలచిన పని ఒకటి పేర్కొని, కారణాలు రాయండి.