ప్రేమ్‌చంద్ నవలారచనా సూత్రములు - ఆయన ఆచరణము

భారతీయ నవలావిమర్శలో కొన్ని మాటలు పుట్టిన చోటును విడిచి చాల దూరము నడచిపోయినవి. "ఆదర్శోన్ముఖ యథార్థవాదము" అట్టి మాట. ప్రేమ్‌చంద్ తన కళనుగూర్చి వాడిన ఈ సమాసము ఆయన నవలలన్నింటికిని ఒకే కొలబద్దగా పెట్టబడుచున్నది. 'సేవాసదన్'కును అదే, 'గోదాన్'కును అదే. ఇందలి చిక్కేమనగా, ఈ కొలబద్ద తొలి నవలలకు సరిపోవునుగాని చివరి నవలకు చాలదు. ప్రేమ్‌చంద్ రచయితలకు చెప్పిన సలహాలలో పనితనమునకు సంబంధించినవి కొన్ని, సిద్ధాంతమునకు సంబంధించినవి కొన్ని. మొదటివానిని ఆయన కడదాక పాటించెను. రెండవదానిని జీవితము ఆయనచేత విడిపించెను. ఈ రెంటిని వేరుచేసి చూచినగాని ఆయన తుది నవలకు న్యాయము జరుగదు.

ధన్‌పత్ రాయ్ శ్రీవాస్తవ 1880 జులై 31వ తేదీన కాశీ నగరమునకు సమీపమున నున్న లమహీ గ్రామమున జన్మించెను. తండ్రి తపాలా శాఖలో గుమాస్తా. ఏడెనిమిదేండ్ల ప్రాయముననే తల్లి పోయెను. చదువు మౌల్వీ వద్ద ఉర్దూ, పారశీకములతో మొదలయ్యెను. గోరఖ్‌పూరులో తండ్రి ఉద్యోగము చేయుచున్నపుడు, పదమూడేండ్ల బాలుడు ఒక పుస్తకముల దుకాణముతో ఒడంబడిక చేసికొనెను. దుకాణమువాని పాఠ్యపుస్తకముల టిప్పణులను తోడి విద్యార్థులకు అమ్మిపెట్టుట, అందుకు ప్రతిఫలముగా నవలలు ఇంటికి తీసికొనిపోయి చదువుట. శరర్, సర్‌షార్, రుస్వా, రెనాల్డ్సు నవలల అనువాదములు, 'తిలిస్మె హోష్‌రుబా' సంపుటములు, పురాణముల ఉర్దూ అనువాదములు - ఇవి ఆయన తొలి పాఠశాల. ఈ జాబితాలో మాయలు, మంత్రములు, రాజకుమారులు, సాహసములు నిండుగా ఉన్నవి. పల్లెరైతు మాత్రము లేడు.

అయినను ఆ బాలుడు మొట్టమొదట వ్రాసినది మాయల కథ కాదు. దూరపు వరుస మేనమామ ఒకడు ఇంటికి వచ్చిపోవుచు, నవలలు చదువుచున్నందులకు ఆ పిల్లవానిని మందలించుచుండెడివాడు. ఆ మేనమామ తన ఇంట పనిచేయు ఒక నిమ్నకుల స్త్రీపై మనసుపడి, ఆమె కులస్థులచేత దెబ్బలు తినెను. బాలుడు దానిని ప్రహసనముగా వ్రాసి, మేనమామ తలగడ క్రింద పెట్టి బడికి పోయెను. తిరిగివచ్చునప్పటికి మేనమామయు లేడు, వ్రాతప్రతియు లేదు. ఈ వృత్తాంతమును ప్రేమ్‌చంద్ స్వయముగా చెప్పుకొనెను. జీవితచరిత్రకారులు దీనిని వినోదముగా చెప్పి ముందుకు సాగుట పరిపాటి. కాని ఆయన తరువాత ముప్పదియేండ్లకు సూత్రరూపమున చెప్పిన దానిలో సగము ఇచ్చటనే ఉన్నది. చదివినది ఒకటి, వ్రాసినది మరియొకటి. చదివిన దానినుండి కథ నడుపు నేర్పు వచ్చెను. వస్తువు కన్నుల యెదుట నున్న మనిషినుండి వచ్చెను. కులమును, కాముకత్వమును, పెద్దరికపు డాంబికమును ఒకే దృశ్యమున చూచు చూపు సైతము అప్పటికే పట్టుబడినది.

తరువాతి జీవితమును క్లుప్తముగా చెప్పవచ్చును. తండ్రి మరణానంతరము పేదరికము, 1899లో చునారులో నెలకు 18 రూపాయల ఉపాధ్యాయ పదవి, గణితశాస్త్రము అడ్డుపడగా 1916 వరకు దాటలేకపోయిన ఇంటర్మీడియెటు, 1919లో బి.ఏ. పట్టము. నవాబ్ రాయ్ అను పేర ఉర్దూలో ప్రకటించిన 'సోజె వతన్' (1908) కథాసంపుటిని రాజద్రోహకరమని ఎంచి హమీర్‌పూరు జిల్లా కలెక్టరు ఆయనను పిలిపించెను. మిగిలిన ప్రతులు స్వాధీనము చేయవలసివచ్చెను. ఇకపై వ్రాయు ప్రతి రచనను ముందుగా చూపవలెనని ఆంక్ష కలిగెను. 'జమానా' పత్రికా సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సూచనపై 1910లో 'ప్రేమ్‌చంద్' అను పేరు పుట్టెను. 1921లో గోరఖ్‌పూరున గాంధీజీ ఉపన్యాసము విని, ఇరువదియేండ్ల సర్కారు కొలువును వదలుకొనెను. 1923లో కాశిలో సరస్వతీ ప్రెస్సు, 1930లో 'హంస' పత్రిక - రెండును అప్పులే తెచ్చిపెట్టినవి.

నవలనుగూర్చిన ఆయన వ్యాసములు ఈ ప్రెస్సు కాలమునకు చెందినవి. 'ఉపన్యాస్' అను వ్యాసమును, 'ఉపన్యాస్ కా విషయ్' అను వ్యాసమును ముఖ్యములు. హిందీలో 'ఉపన్యాస్' అనగా నవల యని తెలుగు పాఠకులకు గుర్తుచేయుట అవసరము. నవల మానవచరిత్రమునకు చిత్రణమనియు, ఆ చరిత్రలోని మర్మములను విప్పుటయే దాని మూలధర్మమనియు ప్రేమ్‌చంద్ నిర్వచించెను. ఏ యిద్దరి ముఖములును ఒకటి కానట్లే ఏ యిద్దరి స్వభావములును ఒకటి కావు. పోలికలో భేదమును, భేదములో పోలికను చూపగలవాడే నవలాకారుడు. వస్తువునెచ్చటనుండి తేవలెననిన ప్రశ్నకు ఆంగ్ల రచయిత వాల్టర్ బీసాంట్ అభిప్రాయమును తోడుతెచ్చుకొని, అల్మారలోని పుస్తకములనుండి కాక, నిత్యము చుట్టును తిరుగు మనుష్యులనుండి తేవలెనని చెప్పెను. ఉదాహరణగా తన పనినే చూపెను. 'రంగభూమి' (1925)కి విత్తనము తన గ్రామమున నుండిన ఒక అంధ భిక్షకుడని ఆయనయే తెలిపెను.

ఈ సమాచారమును కేవలము ముచ్చటగా తీసికొనరాదు. గ్రామపు బిచ్చగాడు ఉన్నవాడున్నట్లు నవలలోనికి నడచిరాలేదు. సూరదాసునకు ప్రేమ్‌చంద్ కొంత భూమినిచ్చెను. ఆ భూమిపై పొగాకు కర్మాగారము కట్టదలచిన జాన్ సేవక్‌ను ఎదుట నిలిపెను. మునిసిపాలిటీని, సంస్థానమును, తెల్లదొరలను చుట్టును చేర్చెను. మనిషి చూచిన మనిషి. అతనికి సంభవించినది దేశమునకు సంభవించుచున్నది. జీవితమునుండి వస్తువును తీసికొమ్మను సలహాకు ప్రేమ్‌చంద్ చేతిలో అర్థమిది. కంటికి కనబడినదానిని నకలు తీయుమని ఆయన భావము కాదు.

ఈ సందర్భమున తెలుగు నవల ఒకటి తప్పక జ్ఞప్తికి వచ్చును. ఉన్నవ లక్ష్మీనారాయణ కారాగారమున వ్రాసిన 'మాలపల్లి' 1922లో వెలువడెను. మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. సూరదాసు చమారు కులజుడు, రామదాసు మాల. ఒకరి రచన నొకరు చూచియుందురని చెప్పుట కాధారము లేదు, అట్టి ఊహ అవసరమును లేదు. సహాయనిరాకరణోద్యమము నడచిన దేశమున, ఊరివెలుపలి మనిషిని నవలకు నాయకునిగా చేయవలెనన్న ఆలోచన రెండు భాషలలో దాదాపు ఒకే కాలమున పండినది.

పనితనమునకు సంబంధించిన ఇతర సలహాలలో మూడు ముఖ్యముగా కనబడును. కథను విచిత్ర సంఘటనలతో ఆసక్తికరముగా చేయు అధికారము రచయితకు కలదు. అయితే ప్రతి సంఘటనకును మూలకథతో దగ్గరి చుట్టరికముండవలెను. పాఠకుడు తానై ఊహించుకొనగల దానిని విడిచిపెట్టవలెను. సంభాషణ మెంత హెచ్చుగా, రచయిత కలమునుండి వచ్చు వర్ణన మెంత తక్కువగా నున్న నవలకంత శోభ; కాని ప్రతి మాటయు పలికినవాని మనఃస్థితిపై వెలుగు పడవేయవలెను, మర్యాదకై పలికిన మాట సంభాషణ కాదు.

మూడవ సలహా వెనుక ఉర్దూ కథాసంప్రదాయము దాగియున్నది. సర్‌షార్ వ్రాసిన 'ఫసానయె ఆజాద్' లక్నో వీథుల మాటల సముద్రము. ప్రేమ్‌చంద్ దానిని 'ఆజాద్ కథా' పేర హిందీలో సంక్షేపించినవాడు. ఆయన తొలి ప్రసిద్ధ నవలయు మొదట ఉర్దూలో 'బాజారె హుస్న్'గా వ్రాయబడెను. కాని ఉర్దూ ప్రకాశకుడు వెంటనే లభింపనందున, 'సేవాసదన్' అను హిందీ రూపమే ముందుగా కలకత్తానుండి వెలువడెను. ఉర్దూ రూపము 1924 నాటికిగాని అచ్చు కాలేదు. 'ప్రేమాశ్రమ్', 'రంగభూమి' నవలలకును ఉర్దూ చిత్తుప్రతియే మొదటిది. నేరుగా హిందీలో వ్రాసిన మొదటి పెద్ద నవల 'కాయాకల్ప్' (1926). ఒక లిపినుండి వేరొక లిపికి మారునపుడు ఆయన పేరులను, పలుకుబడిని, కొన్నియెడల ఘట్టములను మార్చుచుండెను. అందుచేత హిందీ పాఠమొక్కదానినే మూలముగా గ్రహించి ఆయన శైలిని చర్చించుట సగము పనియే యగును. పాత్రల మాట పుట్టిన భాష యొకటి, అచ్చయిన భాష వేరొకటి. ఇతర భాషలలోనికి ఆయనను తెచ్చినవారు ఈ విషయము నంతగా పట్టించుకొనలేదు.

ఇక సిద్ధాంతము. యథార్థవాదము లోకమును నగ్నముగా చూపి మనిషిని నిరాశలో ముంచునని ప్రేమ్‌చంద్ భయము. ఉక్కపోయు గదిలో పనిచేసి అలసినవానికి తోటలోని గాలి కావలసియున్నట్లే, పాఠకునకు ఆదర్శము కావలెనని ఆయన వాదము. ఆదర్శవాదమునందలి అపాయమును సైతము ఆయన ఎరుగును. సిద్ధాంతములకు బొమ్మలు చేసిన పాత్రలలో ప్రాణముండదు. కనుక రెండును కలిసిన నవల ఉత్తమమైనది. దోషము లేని మనిషి దేవుడగును, వాడు మనకర్థము కాడు. గొప్ప పాత్రకును బలహీనత యుండవలెను.

ఈ సిద్ధాంతము 1920 ప్రాంతపు నవలలకు సరిగా సరిపోవును. 'సేవాసదన్'లో వేశ్యాగృహమును చేరిన సుమన్ తుదకు వేశ్యల కూతుళ్ల విద్యాలయమున ఉపాధ్యాయిని యగును. 'ప్రేమాశ్రమ్'లో జమీందారు వారసుడు భూమిపై హక్కును తానై వదలుకొనగా లఖన్‌పూరు సుఖగ్రామమగును. ముగింపున ఒక సంస్థ వెలయుట, హృదయములు మారుట - ఉద్యోగము వదలి వచ్చిన మనిషి ఆశ అది. ఆ ఆశను పరిహసింప నవసరము లేదు. కాని ఈ రెండు నవలలలోను ఆరంభముననున్న పట్టు ముగింపున సడలినదని ఒప్పుకొనక తప్పదు. తోటలోని గాలి వచ్చునప్పటికి గదిలోని మనుష్యులు కనబడకపోవుదురు.

తరువాతి పదేండ్లు వేరు. ప్రెస్సు నష్టములు తీర్చుటకై 1934లో ఆయన బొంబాయికి పోయి అజంతా సినీటోన్ సంస్థకు కథలు వ్రాసెను. కార్మికులనుగూర్చిన 'మజ్దూర్' చిత్రము సెన్సారు చిక్కులలో పడెను. ఆ యేటి డిసెంబరులో మదరాసున దక్షిణ భారత హిందీ ప్రచార సభ స్నాతకోపన్యాసము చేసి, మరుసటి సంవత్సరము బొంబాయి విడిచెను. 1935లో 'కఫన్' కథ వెలువడెను. 1936 ఏప్రిలులో లక్నోలో అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించి, సౌందర్యమునకు పెట్టు ప్రమాణమే మారవలెనని చెప్పెను. అదే యేట 'గోదాన్' అచ్చయ్యెను. అక్టోబరు 8వ తేదీన ఆయన మరణించెను.

'గోదాన్'లో ఆశ్రమము లేదు. హోరీ ఆవును కోరెను. అరువుపై తెచ్చిన ఆవును తమ్ముడే విషము పెట్టి చంపెను. అప్పు, జరిమానా, కులకట్టుబాటు ఒకదాని వెనుక నొకటి వచ్చి, రైతు కూలివాడయ్యెను. ఎండలో కూలిపని చేయుచు కూలిన భర్త చేతిలో ధనియా సుతిలి పేనగా వచ్చిన ఇరువది అణాలు పెట్టి, అదే గోదానమని పురోహితునితో చెప్పును. ఎవరి హృదయమును మారలేదు. రాయ్‌సాహెబు దయగలవాడే, దేశభక్తుడే. అతని దయవలన హోరీకి ఒరిగినదేమియు లేదు. పదునాలుగేండ్ల క్రింద ఇదే రచయిత చేతిలో నున్నచో ఈ జమీందారు భూమిని పంచియుండును.

ఐనను పనివాని సూత్రములు చెక్కుచెదరలేదు. హోరీ నిర్దోషి కాడు. భోలాకు మారుపెండ్లి ఆశ చూపి ఆవును సంపాదించును. వెదుళ్ల బేరములో తమ్ములను వంచింపజూచి తానే మోసపోవును. ఆవును చంపిన తమ్ముని ఇల్లు పోలీసులు సోదా చేయుదురనగానే, వంశమర్యాదకై లంచమునకు అప్పు చేయబోవును. ధనియా అడ్డుపడి ఆ డబ్బును నేలపాలు చేయును. ఒకే మనిషిలో తమ్ముల సొమ్ముపై ఆశయు, తమ్ముని పరువుపై ప్రాణమును ఉన్నవి. పాత్రకు బలహీనత యుండవలెనను సలహా ఇంతకంటె నిండుగా ఆయన నవలలో నెచ్చటను ఫలింపలేదు. అదియు ఆదర్శమునకు మెట్టుగా కాదు, మనిషి రూపముగానే.

నగరభాగమును గూర్చిన ఆక్షేపణ పాతది. మాలతి, మెహతా, ఖన్నాల లక్నో కథ బేలారీ గ్రామముతో అతుకలేదని అనేకులు అందురు. ప్రతి సంఘటనకును మూలకథతో చుట్టరికముండవలెనన్న ప్రేమ్‌చంద్ నియమమునుబట్టియే చూచినను ఈ ఆక్షేపణలో కొంత బలము కలదు. మెహతా స్త్రీధర్మముపై చేయు ఉపన్యాసము, వేటకు పోయిన వేడుకలు కథను నిలిపివేయును. పాత సిద్ధాంతము పూర్తిగా చావక ఈ నగరభాగమున తలదాచుకొన్నట్లు తోచును. మాలతి సేవామార్గమును పట్టుట 'సేవాసదన్' నాటి ముగింపే. కాని రాయ్‌సాహెబు అప్పులు, ఖన్నా చక్కెర మిల్లు లేనిచో హోరీ చెరకు డబ్బు ఎచ్చటికి పోయినదో పాఠకునకు తెలియదు. చుట్టరికము రక్తమున లేదు, లెక్కల పుస్తకమున ఉన్నది.

మరణించునాటికి ఆయన చేతిలో 'మంగళసూత్ర్' అను నవల అసంపూర్ణముగా నుండెను. దాని నాయకుడు దేవకుమార్ వృత్తిచే రచయిత. జీవితమంతయు ఆదర్శమును నమ్మి వ్రాసి, వార్ధక్యమున అన్యాయముగా చేజారిన ఆస్తి ముందు నిలిచి, ధర్మమనగా నేమో మరల ప్రశ్నించుకొనువాడు. వ్రాతప్రతి కొన్ని అధ్యాయములతో ఆగిపోయినది.