ఇంటి కప్పునకు పక్షులవలన కలుగు హాని

ఇల్లు కట్టుకొనువారు పునాదిని గూర్చి పదిమందిని అడిగి తెలిసికొందురు. కప్పు సంగతి అది కురిసిననాడు గాని జ్ఞప్తికి రాదు. తొలకరి వానకు గది మూలలో చెమ్మ కనబడినంతనే సిమెంటు నాసిదనియు, మేస్త్రీ మోసగించెననియు అందురు. అట్టి సమయమున ఒక్కసారి డాబామీది కెక్కి, వాననీరు పోవు తూమును పరిశీలించుట మంచిది. పుల్లలు, ఈకలు, గడ్డకట్టిన రెట్ట అచ్చట పేరుకొనియుండుట పెక్కు ఇండ్లలో చూడవచ్చును.

పక్షి డాబాను ముక్కుతో పొడిచి పగులగొట్టదు. కప్పును చెరచునది నీరు. ఆ నీటిదారిని మూయునది గూడు. తూము మూసికొనిపోగా నీరు పైననే నిలిచి, సన్నని పగుళ్లగుండ లోనికి దిగి, కాంక్రీటులోని ఇనుప కడ్డీలను చేరును. ఇనుము త్రుప్పు పట్టినపుడు ఉబ్బును. ఆ ఉబ్బు కాంక్రీటును లోపలినుండి నెట్టుటచే పెచ్చులు ఊడి పడును. పిల్లలు నిదురించు మంచముమీద పెచ్చు పడునేని అది మరమ్మతుతో తీరు విషయము కాదు. పైగా నిలిచిన నీటిలో వారము పది దినములలో దోమలు తయారగును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమకు ఇట్టి నీరు మిక్కిలి అనుకూలము.

మరియొక హాని ఇంకను నెమ్మదిగా జరుగును. కాకి, గోరువంక, కోయిల మున్నగునవి రావిపండ్లను, మర్రిపండ్లను తిని పిట్టగోడపై వాలును. రెట్టతో పడిన విత్తనము గోడ పగులులో చిక్కుకొని వానకాలమున మొలకెత్తును. రెండాకుల మొలకను ఎవ్వరును లెక్కచేయరు. చూచినవారు సహితము రావిచెట్టు గదా యని పెరుకుటకు సంకోచింతురు. కొందరు పైకొమ్మను త్రుంచి ఊరకుందురు. లోపల వేరు మాత్రము బలియుచునే యుండును. అది చేతివ్రేలంత లావైన పిమ్మట గోడను కొంత పగులగొట్టనిదే రాదు. కావున మొలక లేతగా నున్నపుడే, వానకు గోడ తడిసియున్న దినమున, వేరుతో సహా లాగివేసి, పగులును సిమెంటుతో పూడ్చవలెను. చెట్టుపై భక్తి గలవారు ఆ మొలకను ఊరి వెలుపల ఖాళీ స్థలమున నాటవచ్చును. అచ్చట దానికిని సుఖము, గోడకును సుఖము.

పెంకుటిండ్ల బాధ వేరు. పిచ్చుకలు పెంకుల సందులలోను, గోరువంకలు చూరు క్రిందను గూళ్లు పెట్టును. కొప్పు చివరనున్న సందులను మూయించి, పిచ్చుకకు వసారాలో ఒక చెక్కపెట్టె వ్రేలాడగట్టినచో ఇరువురికిని ఇబ్బంది యుండదు. నెమళ్లు తిరుగు ఊళ్లలో పెంకులు కదలుట సామాన్యము. వానలకు ముందు సర్దించుట తప్పదు. పూరింటికి గింజ మిగలకుండ నూర్చిన గడ్డినే వాడవలెను. గింజ యున్నచో పక్షులు దానికై కప్పును పీకివేయును.

పట్టణములలో ముఖ్యమైన సమస్య పావురము. ఇది స్వభావముచే కొండచరియలపై నివసించు జాతి. మేడల అంచులు దాని కంటికి చరియలే. ఒక్కొక్కమారు రెండేసి గ్రుడ్లు పెట్టి, ఏడాదిలో పలుమారులు పిల్లలను చేయును. విడిచిన చోటికే మరల వచ్చును. రెట్టలోని ఆమ్లము సున్నపు పూతను, ఇనుప రేకులను తినివేయును. ఎండిన రెట్టపొడి, ఈకల ధూళి గాలిలో కలిసి ఊపిరితిత్తులలో చేరును. కొందరి శరీరమునకు ఈ ధూళి పడదు. అట్టివారికి ఊపిరితిత్తులు వాచి, కాలక్రమమున మచ్చకట్టి గట్టిపడును. గట్టిపడిన భాగము మరల మెత్తబడదు. పావురములు పెంచువారిలో ఈ వ్యాధిని 1965లో అమెరికా వైద్యులు వర్ణించిరి. మన దేశమున ఊపిరితిత్తుల అల్లిక దెబ్బతిన్న 1,084 మంది రోగులను పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితములలో, దాదాపు సగముమందికి పీల్చిన పదార్థము పడకపోవుటచే కలుగు రకమే కనబడినది. పావురమొక్కటియే దానికి కారణము కాదు. ఎయిర్ కూలరులలోని బూజును కారణమే.

పావురములకు గింజలు చల్లుట పుణ్యమని తలచువారు పెక్కురు. 2025లో ముంబయి నగరమున అట్టి స్థలములను మూయబూనినపుడు పెద్ద ఆందోళనయే జరిగినది. దయ మెచ్చదగినదే. అయినను గింజలు చల్లువారు ఒకరు, ఆ ధూళిని పీల్చువారు మరియొకరు అగుచున్నారు.

పక్షులను తరుముట వలన ఫలితము స్వల్పము. అద్దపుముక్కలకు, దిష్టిబొమ్మలకు అవి కొలది దినములలోనే అలవాటుపడును. విషము పెట్టుట క్రౌర్యము. జంతుహింసా నివారణ చట్టము, 1960 ప్రకారము నేరము కూడ. చోటు లేకుండ చేయుటయే ఉపాయము. బాల్కనీలకు, సౌరఫలకముల క్రింది ఖాళీకి రెండంగుళముల కన్నుగల వల బిగించిన పావురము దూరదు. పిచ్చుకకైనచో ముప్పాతిక అంగుళము మించరాదు. వల వదులుగా నున్నచో పక్షి చిక్కుకొని చచ్చును. గోడ అంచులపై ఏటవాలుగా, 45 డిగ్రీలకు తక్కువ కాకుండ, పలకను అమర్చిన కాలు నిలువదు. తూము నోటికి తీగజాలి, నీళ్ల ట్యాంకుకు గట్టి మూత ఉండవలెను. గూటిలో గ్రుడ్లుగాని పిల్లలుగాని ఉన్నచో నెలన్నర ఓపికపట్టి, పిల్లలు ఎగిరిపోయిన పిమ్మట తీసివేసి, వెనువెంటనే ఆ సందును మూయవలెను.

ఇక శుభ్రపరచుట. ఎండిన రెట్టను పొడి చీపురుతో ఊడ్చుట మిక్కిలి ప్రమాదకరము. తలుపులు, కిటికీలు మూసి, ముక్కునకు నోటికి ఎన్-95 మాస్కు, చేతులకు తొడుగులు ధరించి, రెట్టపై మెల్లగా నీరు చల్లి నాననిచ్చి, తడిగా నుండగనే గీకి సంచిలో కట్టివేయవలెను. ఉబ్బసము గలవారు, గర్భిణులు, వ్యాధినిరోధకశక్తి తగ్గినవారు ఈ పనికి పూనుకొనరాదు. పాత రెట్టలో పెరుగు ఒకవిధమైన బూజు అట్టి బలహీనులకు మెదడు పొరల వాపును కలిగింపగలదు. వారములతరబడి పొడిదగ్గు, మెట్లెక్కునపుడు ఆయాసము ఉన్నవారు వైద్యుని కడకు పోయినపుడు, ఆయన అడుగకున్నను, ఇంటిమీద పావురములున్న సంగతి చెప్పవలెను.